నాన్న అడుగుకి అమ్మ వేసిన గీతలు

పోస్టాఫీసులో నాన్న ముద్రలు కొడుతుంటే ఆ చప్పుడు బజారు దాకా వినిపించేది. ముద్ర ఇంకు ప్యాడు మీద ఒకసారి, కవరు మీద ఒకసారి. టక్ ఠక్, టక్ ఠక్. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వస్తూ ఆ చప్పుడు విన్నామంటే టపా సంచీ కట్టే వేళయిందని మాకు తెలిసిపోయేది.

మాది తెనాలి దగ్గర ఊరు. నాన్న సబ్ పోస్టాఫీసులో క్లర్కు. చదువు రానివాళ్ళు మనియార్డరు ఫారం పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఫారం కింద కూపన్ ముక్క మీద ఖాళీ వేలెడంత ఉండేది. అందులోనే గేదె ఈనిన సంగతి, ముసలమ్మకి జ్వరం తగ్గిన సంగతి, పండక్కి తప్పకుండా రమ్మన్న మాట, అన్నీ పట్టించేవారు. అంత చిన్న జాగాలో రాసినా అక్షరాలు గుండ్రంగా, దేనికది విడిగా ఉండేవి.

ఆ రాత 1993లో చిన్నదవడం మొదలైంది. వరుస మామూలుగానే మొదలయ్యేది. చివరికొచ్చేసరికి చీమలబారులా అయిపోయేది. ఒకటి రెండు మనియార్డర్లు అడ్రసు అర్థం కాక తిరిగొచ్చాయి. కళ్ళద్దాలు మార్చుకో నాన్నా అన్నాను నేను. అంతకుముందే కుడి భుజం నొప్పి అంటే ఒక ఎముకల డాక్టరు భుజం పట్టేసిందని చెప్పి ఏడాది పాటు కాపడాలు పెట్టించి, కసరత్తులు చేయించారు. చెయ్యి మాత్రం సాగలేదు.

ఆ చలికాలంలోనే ఒకరోజు అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి నూతి దగ్గరికి వెళ్ళింది. నాన్న ఆ పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది. పక్కింటి పిన్నిగారికి కూడా మాడు వాసన కొట్టి గోడ మీదనుంచి కేకేసింది. అమ్మ పరిగెత్తుకొచ్చి, "పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారండీ?" అంది. నాన్న తల తిప్పి గిన్నె వంక చూశారు. "వాసన రాలేదే" అన్నారు. అమ్మకి ఆ మాట విని ఇంకా మండింది. తప్పించుకోవడానికి అంటున్నారనుకుంది. ఆ రోజు ఆయన మీద కోపంతో రాత్రి అన్నం కూడా తినలేదని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని బాధపడిందో.

నా పెళ్ళి 1995 మేలో అయింది. ఆల్బమ్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కన్యాదానం ఫొటోలో నా చెయ్యి పట్టుకుని ఉన్నారు నాన్న. ముఖంలో ఏమీ లేదు. రెప్ప కూడా వాల్చకుండా ఎటో చూస్తున్నట్టు ఉంటారు. తర్వాతి ఫొటోలో అదే ముఖం. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే అప్పుడూ అదే ముఖం. మా అత్తగారి వైపువాళ్ళు "వియ్యంకుడుగారికి ఈ సంబంధం ఇష్టం లేనట్టుంది" అని చెవులు కొరుక్కున్నారు. ఆ మాట నా దాకా వచ్చింది. కట్నం దగ్గర ఏమైనా మాటా మాటా అనుకున్నారేమోనని నాకు టెన్షన్. ఆ కోపంతోనే రెండు నెలలు నాన్నకి సరిగా ఉత్తరం రాయలేదు. ఇంటికొచ్చినప్పుడు ఆల్బమ్ ముందు పెట్టి అడిగేశాను, "ఒక్క ఫొటోలో కూడా ఎందుకు నవ్వలేదు నాన్నా?" అని.

ఆయన పేజీలు మెల్లగా తిప్పి చూశారు. ప్రతి పేజీ దగ్గరా ఆగారు.

"నవ్వుతూనే ఉన్నాననుకున్నానే అమ్మాయ్" అన్నారు.

ఆ మాట తర్వాతే మేము గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆ డాక్టరుగారు మందుల చీటీ ముట్టుకోకుండా ముందు నాన్నని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నారు. ఎడం చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది, కుడి చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నాం కానీ మాలో ఎవరికీ అది కనపడలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీస్తూ ఉండమన్నారు. మొదట పెద్దగా తెరుచుకున్న వేళ్ళు నాలుగైదు సార్లకే చిన్నవైపోయి ఆగిపోయాయి. కాగితం మీద ఆ అక్షరాలకి జరిగిందే ఈ వేళ్ళకీ జరుగుతోంది.

తర్వాత అమ్మని ప్రశ్నలు అడిగారు. వాసన తెలుస్తుందా? మలబద్ధకం ఉందా? నిద్రలో కాళ్ళూ చేతులూ విసురుతారా? అమ్మ తెల్లబోయింది. "పదేళ్ళుగా తంతున్నారండీ. కలలో దొంగల్ని తరుముతున్నానంటారు. దానికీ దీనికీ సంబంధం ఏంటండీ?" అంది. అన్నీ ఒకటే జబ్బమ్మా అన్నారు డాక్టరుగారు. పార్కిన్సన్స్. "కానీ ఈయనకి వణుకే లేదు కదండీ" అన్నాను నేను. వణుకుడు జబ్బంటే అందరికీ వణుకు ఉండాలని లేదట. బిగుసుకుపోవడం, కదలిక మందగించడం, ముఖంలో భావాలు తగ్గిపోవడం, ఇవే కొందరిలో ముందుకొస్తాయట. ముఖంలో ఉండేవి కూడా కండరాలే కదా.

వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నాన్న వైపు తిరిగి "ఆ రోజు పాల వాసన నిజంగానే రాలేదా?" అని అడిగింది. నాన్న తల ఊపారు. తెనాలి వచ్చేదాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాతి రోజుల్లో దొరికినదల్లా చదివాను. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఆరుగురిని గమనించి ఈ జబ్బు గురించి రాశారు. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుంటేనే చూశారట. మెదడు నడిమి భాగంలో నల్లగా కనిపించే చిన్న చోటు ఒకటి ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మనం ఆలోచించకుండా చేసే పనులన్నీ, అంటే చెయ్యి ఊపుతూ నడవడం, మంచం మీద పక్కకి తిరగడం, నవ్వడం లాంటివి సాఫీగా సాగాలంటే అది కావాలి. లక్షణాలు మన కంటపడేసరికే అక్కడి కణాలు సగానికి పైగా పోయి ఉంటాయట. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మేము ఆయన్ని కళ్ళద్దాలు మార్చుకోమన్న రోజుకే, మాడిన గిన్నె ముందు కూర్చోబెట్టి కోప్పడ్డ రోజుకే లోపల అంత జరిగిపోయింది.

మాత్ర పేరు లెవోడోపా, దానికి కార్బిడోపా కలిపి ఇస్తారు. మెదడులోకి చేరాక అదే డోపమిన్‌గా మారుతుంది. మొదట్లో చిన్న మోతాదు, దాంతో తేడా తెలియలేదు. పెంచిన వారానికి ఒక మధ్యాహ్నం నాన్న అన్నంలో పప్పు తనే కలుపుకుని ముద్ద చేసుకున్నారు. అంతకుముందు ఆరునెలలుగా ముద్ద చేతిలో నిలవక చెంచాతో తింటున్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని అమ్మ వంక చూసి నవ్వారు. ఆ నవ్వు చూసి మా తమ్ముడు కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ పప్పుతోనే చిక్కు వచ్చింది. పొద్దున మాత్ర బాగా పట్టేది. మధ్యాహ్నం మాత్ర కొన్ని రోజులు అసలు పట్టేది కాదు. నాలుగింటి దాకా కుర్చీలో బిగుసుకుని కూర్చునేవారు. అమ్మ చదువు అయిదో తరగతి. కానీ పాలలెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో నాన్న ఏ పూట ఏం తిన్నారో, మాత్ర ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు దిగిపోయిందో గీతలు పెట్టి రాయడం మొదలుపెట్టింది. రెండు నెలలకి తేల్చింది: ముద్దపప్పూ గడ్డపెరుగూ తిన్న రోజు మాత్ర పట్టదు, శనివారం ఒంటిపూట ఉన్న రోజు పడుతుంది. ఆ పుస్తకం డాక్టరుగారికి చూపిస్తే ఆయన పేజీలన్నీ తిప్పి చూశారు. మాంసకృత్తులూ ఈ మందూ పేగుల్లోంచి ఒకే దారిలో లోపలికి వెళ్ళాలి, ఆ తోపులాటలో మందు వెనకబడుతుందన్నారు. అప్పటినుంచి మాత్ర అన్నానికి అరగంట ముందు, పప్పు రాత్రికి. పగలు పులుసూ కూరా.

ఉద్యోగం గురించి ఒక మాట. నాన్నకి 1998లో 58 నిండాయి. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం రిటైర్‌మెంటు 60కి పెంచింది. తోటివాళ్ళు స్వీట్లు పంచుకున్నారు, నాన్న మాత్రం దిగులు పడ్డారు. నోట్లు లెక్కపెట్టడానికి వేళ్ళు సాగడం లేదు, కౌంటరు దగ్గర జనం విసుక్కుంటున్నారు. అప్పటి పోస్టుమాస్టరుగారు మంచివారు. కౌంటరు వేరేవాళ్ళకి ఇచ్చి, "మీరు ముద్రలు చూసుకోండి" అన్నారు. విచిత్రం ఏమిటంటే ముద్ర కొట్టేటప్పుడు నాన్న చెయ్యి ఆగేది కాదు. టక్ ఠక్, టక్ ఠక్. ఆ తాళం నడుస్తున్నంతసేపూ చెయ్యి దానితోపాటు నడిచేది. చప్పుడు ఆగితే చెయ్యీ ఆగేది. రెండేళ్ళూ అలా గడిపి గౌరవంగా బయటికొచ్చారు.

చుట్టాలు తాయెత్తులు తెచ్చారు, కట్టించుకున్నాం. మామయ్య ఒకాయన మాత్రం దూలగొండి గింజల పొడి తెచ్చారు. దూలగొండి అంటే మాకు చిన్నప్పుడు చేలగట్ల మీద తగిలితే ఒళ్ళంతా దురద పెట్టే కాయ, అంతే. డాక్టరుగారు నవ్వేస్తారనుకున్నాను, నవ్వలేదు. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుందట. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి చూపించారు. కానీ ఏ గింజలో ఎంత ఉందో తెలియదు, మాత్ర మింగుతూ పైన పొడి కూడా వేసుకుంటే మోతాదు చేతిలో ఉండదు, వద్దు అన్నారు. మామయ్యకి కాస్త చిన్నతనమైంది గానీ, తర్వాత ఊరంతా తిరిగి "మన దూలగొండిలోనే ఉందట మందు" అని ఆయనే చెప్పాడు. ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి సర్పగంధి మొక్క నుంచి తీసిన రెసర్పిన్ ఇస్తే అవి చెవులు వేలాడేసుకుని కదలకుండా ఉండిపోయాయి. డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. డోపమిన్ సంగతి లోకానికి అలా తెలిసింది, 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది. సర్పగంధి మన వైద్యంలో ఉన్నదే, దూలగొండీ మన గట్టుమీదిదే.

ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది. నాన్నకి వాంతులవుతుంటే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్కులో ఇంజెక్షన్ చేశారు. సాయంత్రానికి మనిషి కొయ్యబారిపోయారు. మాట లేదు, గుటక పడటం లేదు. వాంతులకి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ జబ్బున్నవాళ్ళకి పడదు, అది మెదడులో డోపమిన్‌ని అడ్డుకుంటుంది. వీళ్ళకి డోంపెరిడోన్ లాంటిది ఇస్తారు. చేసినాయనకి తెలియదు, మాకూ తెలియదు. మూడు రోజులకి తేరుకున్నారు. అప్పటినుంచి నాన్న చొక్కా జేబులో ఒక చీటీ ఉండేది. జబ్బు పేరు, వాడుతున్న మాత్రలు, ఇవ్వకూడని మందుల పేర్లు అన్నీ తమ్ముడు పెద్దక్షరాలతో రాశాడు. ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఆ చీటీ ఈ రోజే రాయండి.

ఇక గడప సంగతి. రిటైరయిన ఏడాది రెండేళ్ళకి నాన్నకి కాళ్ళు అతుక్కుపోవడం మొదలైంది. హాల్లో బాగానే నడిచి వచ్చేవారు. వసారాలోకి వెళ్ళే గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోయేవి. ఒళ్ళు ముందుకి వంగుతుంది, కాళ్ళు రావు. మేము చెయ్యి పట్టి లాగేవాళ్ళం, ఆయన ముందుకి పడేవారు. లాగకూడదని మాకెవరూ చెప్పలేదు. "మనసులో నడవమంటూనే ఉన్నానే, కాళ్ళకి కబురు అందడం లేదు" అనేవారు నాన్న. ఒక్కోసారి ఆ గడప దగ్గర పది నిమిషాలు నిలబడి ఉండేవారు, పంచె అంచు గుప్పిట పట్టుకుని.

2002 ధనుర్మాసం. నెల పట్టిన దగ్గర్నుంచి అమ్మ తెల్లవారుజామునే లేచి ముగ్గులు వేసేది. ఆ రోజు పెద్ద ముగ్గుకి ముందు, గడప దగ్గర నుంచి వాకిలి మెట్టు దాకా అడ్డంగా జంట గీతలు వేసుకుంటూ వెళ్ళింది. ఎర్ర గచ్చు మీద తెల్లటి పిండి, ఇంకా ఆరలేదు. నాన్న లేచి గడప దగ్గరికి వచ్చారు. ఆగారు. కిందికి చూశారు. కుడికాలు లేచింది, గడప దాటి మొదటి గీత అవతల పడింది. ఎడంకాలు రెండో గీత అవతల. తర్వాత మూడోది. గీతలు ఉన్నంత దూరం మెట్టు దాకా నడిచి, గీతలు అయిపోయిన చోట ఆగిపోయారు.

"అయ్యో, ముగ్గు తొక్కేస్తున్నారు!" అని అరిచింది అమ్మ. అరిచి, చేతిలో ముగ్గు గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఆమెకి అర్థమైంది. పండగ ముగ్గు సంగతి వదిలేసి, వంగి ఆయన పాదాల ముందు ఇంకో గీత గీసింది. ఆయన దాటారు. ఇంకోటి గీసింది, దాటారు. గేటు దాకా అలా గీస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. ఆయన ఒక్కొక్క గీతా దాటుతూ ఆమె వెంట వచ్చారు. అది సంక్రాంతి సెలవులకి వచ్చిన నేను వసారా అరుగు మీద నుంచి నా కళ్ళతో చూశాను.

వారం రోజులు అదే పని. నిలువు గీతలు వేసి చూసింది, కాలు లేవలేదు. అడ్డంగానే ఉండాలి. గీతలు మరీ దగ్గరైతే తడబడుతున్నారు, దూరమైతే ముందుకి తూలుతున్నారు. మూర కంటే కాస్త తక్కువ సరిపోయింది. సిమెంటు నేల మీద ముగ్గు సరిగా ఆనక నాన్న తడుముకునేవారు. రోజూ ఊడ్చేస్తే పోతోందని చివరికి తమ్ముడు తెల్ల పెయింటు తెచ్చాడు. మంచం నుంచి బాత్రూమ్ దాకా, హాలు నుంచి వాకిలి దాకా గీతలు వేశాం. ఇంటికొచ్చినవాళ్ళు ఇదేం వాస్తు అని అడిగేవారు.

డాక్టరుగారికి చెబితే కుర్చీలో ముందుకి వంగి విన్నారు. పర్డన్ మార్టిన్ అనే లండన్ డాక్టరు 1960ల్లోనే ఇలాగే అడ్డగీతలు గీసి చూపించారట. అలవాటుగా నడిచే నడకకి మెదడులో ఒక దారి ఉంది, అది దెబ్బతింది. కళ్ళతో గీతని చూసి దాటేటప్పుడు మెదడు వేరే దారి వాడుకుంటుంది. నాన్న అది విని, "తెనాలి బస్సు రాకపోతే సంచీ రేపల్లె రైలుకి వేసినట్టు" అన్నారు. గొంతు అప్పటికే బాగా తగ్గిపోయింది, దగ్గరికి వంగితేనే వినిపించింది.

ఇంకో రోజు అమ్మ గుడికి వెళ్ళినప్పుడు నాన్న పాత సైకిలు గోడకి ఆనించి ఎక్కేశారు. గేటు దాటడానికి పావుగంట పట్టే మనిషి, రామాలయం చుట్టూ రెండు చుట్లు చక్కగా తొక్కుకొచ్చారు. దిగడం మాత్రం చాతకాలేదు, పక్కింటి అబ్బాయి పరిగెత్తి పట్టుకున్నాడు. ఊరంతా అది విని మనిషికి జబ్బేం లేదు, నటిస్తున్నాడంది. ఆ మాట నాన్నని చాలా బాధపెట్టింది. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు అచ్చం ఇలాంటి మనిషి గురించే ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు. రెండడుగులు నడవలేడు, సైకిలు మాత్రం తొక్కుతాడు. అది చదివిన రోజు నాన్నకి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. అవతల నుంచి మాట లేదు. అమ్మ ఫోన్ తీసుకుని, "నవ్వుతున్నారే" అంది.

చివరి రెండేళ్ళూ కష్టం. రాత్రిళ్ళు పెరట్లో పిల్లలు కూర్చున్నారనేవారు. ఈ జబ్బు ముదిరాక, మందుల వల్ల కూడా, అలా లేనివి కనిపిస్తాయి. లేరని వాదిస్తే భయపడేవారు. అమ్మ వాదించేది కాదు. "వాళ్ళకి అన్నం పెట్టేశానండీ, పడుకోండి" అనేది. 2012లో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయారు. మింగేది సరిగా దిగక అలా అవుతుందని చెప్పారు.

అమ్మకిప్పుడు 78. పోయిన నెల నేను ఊళ్ళో ఉండగా పక్క ఊరి నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. భర్తకి అదే జబ్బు, గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడట. అమ్మ మా ఇంట్లో వెలిసిపోయిన గీతలు చూపించింది. ఆమె సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, చీర చెంగుతో గీతకీ గీతకీ మధ్య కొలవబోయింది.

"ఇది కొలవకమ్మా, ఇది మా ఆయన అడుగు" అంది అమ్మ. షెల్ఫు మీది ముగ్గు డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుంది. "పద, ఆటోలో వెళ్దాం. ముందు మీ ఆయన్ని ఒకసారి నడవనీ. ఆ అడుగెంతుందో చూసి గీద్దాం."